అరవై ఎస్కుడోల నోటు మీద పసుపు చుక్కలు

పది, ఇరవై, యాభై, వంద. మన చేతులకి తెలిసిన నోట్లు ఇవే. అందుకే ముప్పై అని అచ్చేసిన నోటు మొదటిసారి నా కౌంటరు సందులోంచి ఇవతలికి వచ్చినప్పుడు, పిల్లలు ఆడుకునే కాగితం ఏదో పొరపాటున వచ్చిందనుకున్నాను.

అప్పట్లో నేను ఆమదాలవలస స్టేషన్లో రిజర్వేషన్ గుమస్తాని. జూలై చివరికి వచ్చేసరికి శ్రీకాకుళం దిగువన ఉన్న సముద్రం ఒడ్డు పల్లెల నుంచి మనుషులు గుంపులుగా టికెట్ల కోసం వచ్చేవారు. ఆగస్టులో గుజరాత్ వైపు వెళ్లి, అక్కడి బోట్ల మీద వేటాడి, మే నెలలో తిరిగి వస్తారు. ఒక్కో బోటుకి ఏడెనిమిది మంది. వాళ్లకి పెద్దగా ఉండి బోటు నడిపేవాణ్ణి తండేలు అంటారు. ఆ తండేళ్లలో ఒకడు, నా కంటే పదిహేనేళ్లు చిన్నవాడు, ప్రతి ఏడూ నా కిటికీకే వచ్చేవాడు. అతనికి చదువు లేదు. అతను తన మనుషుల పేర్లూ వయసులూ చెబుతుంటే ఫారాలు నేను నింపేవాణ్ణి. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణిగేవారు. గొణగనీ అని నేను నింపుకుంటూ పోయేవాణ్ణి. ఆ మాత్రం మంచితనం నాలో ఉందని చెప్పుకోవడానికి నాకు ఇష్టం. ఆ మంచితనాన్నే తర్వాత ఎలా వాడుకున్నానో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నా బల్ల మీద అద్దం కింద పాత బర్మా నోటు ఒకటి, సిలోన్ నోటు ఒకటి ఉండేవి. తండేలు వాటిని చూశాడు కాబోలు. మరుసటి మే నెలలో బండి దిగి ఇంటికి వెళ్లే ముందు నా కిటికీ దగ్గరికి వచ్చి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఆ ముప్పై నోటు లోపలికి తోశాడు. ఇదేటని అడిగితే, తాము ఉండేది దియూలో సముద్రం ఒడ్డు ఊరనీ, ఒకప్పుడు అది పోర్చుగీసు వాళ్లదనీ, తాము నీళ్లు పట్టుకునే ఇంటి ముసలమ్మ పెట్టెలో ఇలాంటివి ఉన్నాయనీ, తన ఊళ్లో ఒక పిచ్చాయన ఉన్నాడని చెబితే నవ్వి ఒకటి ఇచ్చిందనీ చెప్పాడు.

ఆ పిచ్చాయన్ని నేనే.

ఇంటికి వెళ్లి పుస్తకాలు తిరగేశాను. గోవా, డామన్, దియూల్లో పోర్చుగీసు వాళ్లు మొదట రూపాయిల పేరుతోనే నోట్లు వేసుకున్నారు. వెళ్లిపోవడానికి కొద్ది ఏళ్ల ముందు వాటిని ఎస్కుడోల్లోకి మార్చారు. ఒక రూపాయికి ఆరు ఎస్కుడోలు. అందుకని ఐదు రూపాయిల నోటు ముప్పై అయింది, పది రూపాయిలది అరవై, యాభైది మూడు వందలు, వందది ఆరు వందలు. పాలించేవాడు ఇక్కడ తన లెక్క పెట్టుకున్నాడు కానీ, జనం చేతికి అలవాటైన ఐదునీ పదినీ వదలలేకపోయాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లకే మన సైన్యం వెళ్లింది, ఆ నోట్లకి కాలం చెల్లింది. పుట్టీపుట్టగానే చెల్లకుండా పోయిన ఆ కాగితాల మీద నాకు ఎందుకో చెప్పలేనంత ఇష్టం పుట్టింది. ముందు వైపు గడ్డం ఉన్న దొర, వెనక వైపు తెరచాప ఓడలు. భూతద్దం పెట్టి ఆ ఓడల తాళ్లు చూస్తూ ఆదివారాలు గడిపేవాణ్ణి. "చెల్లే నోట్లు ఇంట్లో నిలవవు, చెల్లనివి మాత్రం అట్టల పుస్తకంలో కూర్చుంటాయి" అని నా భార్య ఎగతాళి చేసేది.

తండేలు ప్రతి మే నెలలోనూ ఒకటి తెచ్చేవాడు. వంద వచ్చింది. మూడు వందలది వచ్చింది, ఒక మూల ఎలుక కొరికినది. ఆరు వందలది వచ్చింది. వెయ్యిది నాలాంటి వాడికి దొరికేది కాదు, దాని మీద ఆశ పెట్టుకోలేదు. కానీ అరవై రాలేదు. అది అరుదైనదేం కాదు. అయినా రాలేదు. ప్రతి ఏడూ అడిగేవాణ్ణి. ఒక ఏడు, ముసలమ్మ పోయిందనీ పెట్టె ఎవరో పట్టుకుపోయారనీ చెప్పి, నా ముఖం చూసి, "అరవైదా? అది మా ఇంటిదాని కాడ ఉండాల బావూ. నాను మొట్టమొదట తెచ్చింది అదే. పడవల బొమ్మున్నాదని ఆడుకోడానికిచ్చినాను. ఏం సేసిందో" అన్నాడు.

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

నాలుగేళ్ల క్రితం జనవరిలో, విజయనగరంలో మాలాంటి నాణేల వాళ్లు, నోట్ల వాళ్లు కలిసి రెండు రోజుల ప్రదర్శన పెట్టుకున్నారు. నాకూ ఒక బల్ల ఇచ్చారు. అప్పుడే నా మనసులో అరవై మళ్లీ మెదిలింది. తండేలు గుజరాత్‌లో ఉన్నాడు. ఫోన్ చేసి అతన్ని అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆదివారం పొద్దున్న స్కూటరేసుకుని వాళ్ల పల్లెకి వెళ్లాను.

తండేలు భార్య అప్పుడే శ్రీకాకుళంలో చేపలమ్మి వచ్చి, ఖాళీ గంప కడుగుతోంది. నన్ను స్టేషన్లో చూసింది కాబట్టి గుర్తుపట్టింది. లోపలికి పిలిచి, ఎందుకొచ్చానో విని, "ఆ కాయితమా" అని నవ్వి, దేవుడి మూలకి తీసుకెళ్లింది. గంగమ్మ పటం కింద, పటానికి ఆనించి, నోటు ఉంది. ఓడలున్న వైపు మనకి కనిపించేలా. ఆ ఓడల చుట్టూ, ఆకాశంలోనూ నీళ్లలోనూ, చుక్కలు. పసుపు చుక్క పక్కన ఎర్ర చుక్క, మళ్లీ పసుపు, మళ్లీ ఎరుపు. పాతవి వెలిసిపోయి మట్టి రంగుకి తిరిగాయి.

ఆమె చెప్పింది. తండేలు బయలుదేరి వెళ్లాక, బండి కదిలి ఉంటుందనుకున్న వేళకి ఒక పసుపు చుక్క పెడుతుంది. మే నెలలో అతను గుమ్మంలోకి వచ్చినప్పుడు దిష్టి తీయడానికి పళ్లెంలో పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తారు కదా, ఆ నీళ్లలో వేలు ముంచి పసుపు చుక్క పక్కనే ఎర్ర చుక్క పెడుతుంది. ఈ రెండింటి మధ్యా ఆ నోటు ముట్టుకోదు. ఇది వాళ్ల ఊరి ఆచారం కాదు, ఎవరూ నేర్పలేదు. పడవ బొమ్మ ఉంది కదా అని తనే మొదలుపెట్టింది. చివరి పసుపు చుక్క పక్కన అప్పటికి ఖాళీగా ఉంది.

నేను చూసినవి చుక్కలు కావు. మరకలు. ఇంత మంచి నోటుకి ఎన్ని మరకలు అనుకున్నాను.

రెండు వారాలకి ఇమ్మన్నాను. "ఆయన వొచ్చీదాకా కదపకూడదు బావూ" అంది. అద్దం కింద పెడతాను, ఎవరూ ముట్టుకోరు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది, నవ్వుతూనే. అప్పుడు నేను కూడా నవ్వుతూ అన్నాను, "మళ్లీ జూలైలో టికెట్లకి నా కిటికీకే కదా రావాలి" అని.

హాస్యానికే అన్నానని ఇంటికెళ్లే దారి పొడుగునా చెప్పుకున్నాను. కానీ ఆమె నవ్వు ఆగిపోవడం నేను చూశాను. ఆమె లేచి చేతులు కడుక్కుని, గంగమ్మకి దణ్ణం పెట్టి, నోటు తీసి శుభ్రమైన గుడ్డముక్కలో చుట్టి ఇచ్చింది. జాగ్రత్త అని కూడా అనలేదు. నేనిచ్చే ఏడెనిమిది టికెట్లకి ఆమె అలా బదులిచ్చింది. అది అడిగి తీసుకున్న వస్తువు కాదు, లాక్కున్న వస్తువు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నోట్లు సేకరించేవాళ్లకి ఒక నియమం ఉంది. నోటు కడగకూడదు. మడతైనా మరకైనా ఎలా వస్తే అలా ఉంచాలి. కొత్తవాళ్లకి ఈ నియమం నేనే ఎన్నోసార్లు చెప్పాను. కానీ ప్రదర్శనకి మూడు రోజుల ముందు, విజయనగరంలో మా గుంపుకి పెద్ద అయిన ఒకాయనకి ఫోన్ చేసి అరవై దొరికిందనీ, కొంచెం పసుపు అంటుకుందనీ చెప్పాను. "పూజ సామాన్ల బల్ల వేరే పెట్టాలా ఏంటండీ మీకు" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అంత చిన్నదానికి.

బుధవారం మధ్యాహ్నం పెరట్లో బట్టలుతికే రాయి మీద స్టీలు పళ్లెం పెట్టుకున్నాను. నోటుని నీళ్లలో తడిపి, సబ్బు నురగ వేలితో తీసుకుని, అంచున ఉన్న ఒక చుక్క మీద మెల్లగా రాశాను. పసుపు పోలేదు. ఎర్రగా అయింది. నా కళ్ల ముందే, తెగిన వేలు లాగ. కంగారుపడి ఇంకొంచెం నురగ వేశాను. అది పాకి పక్క చుక్కని అందుకుంది, అదీ ఎరుపు. ఒక్క నిమిషంలో నోటంతా ఎర్ర చుక్కలు. వెళ్లిన గుర్తు ఏదో వచ్చిన గుర్తు ఏదో తెలియకుండా పోయింది. ఒంటరిగా ఉన్న ఆ చివరి చుక్క కూడా ఎర్రబడింది.

పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని చంటిపిల్లకి స్నానం చేయించే ప్రతి ఆడమనిషికీ తెలుసు. యాభై ఆరేళ్లు వచ్చిన నాకు తెలియదు. నా భార్య చప్పుడు విని వచ్చి, చూసి, ముందు నవ్వింది. నిమ్మకాయ రాస్తే మళ్లీ పసుపవుతుందని చెక్క కోసి ఇచ్చింది. రాశాను. నిజంగానే పసుపైంది. అన్నీ పసుపయ్యాయి. తండేలు భార్య ఎర్రనీళ్లతో పెట్టిన చుక్కలు కూడా. సున్నంతో వచ్చిన ఎరుపు నిమ్మరసానికి నిలవలేదు. చుక్కలు ఒకదాంట్లోకి ఒకటి జారి, ఓడల మీద పల్చటి పసుపు మబ్బులా పరుచుకున్నాయి.

అప్పుడు నా భార్య అడిగింది, ఇది ఎవరిదని. చెప్పాను. ఆమె చేతిలోని నిమ్మచెక్క పళ్లెంలో పడేసి, "ఆవిడ దేవుడి మూల నుంచి తెచ్చి సబ్బెట్టి తోమారా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

కడిగాక శుభ్రమైన నోటుని ఫొటో తీసుకుందామనుకున్నాను. అందుకే కడగక ముందు ఒక్క ఫొటో కూడా తీయలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే అది తెలివితక్కువతనం. నేను ఆగలేదు. మర్నాడు సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్లి, తెలిసిన వర్తకుడి దగ్గర ఇంకో అరవై ఎస్కుడోల నోటు కొన్నాను. ప్రదర్శనలో దాన్నే పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ పెద్దాయన వచ్చి నా భుజం తట్టాడు. ప్రదర్శన అయ్యాక ఇంటికి తెచ్చి, వంటింట్లో కూర్చుని, చిన్న గిన్నెలో పసుపు, ఇంకో గిన్నెలో పసుపూ సున్నం కలుపుకుని, అగ్గిపుల్ల వెనక కొసతో చుక్కలు పెట్టాను. ఎన్ని పెట్టాలి? నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నా ఊహకి పన్నెండు పసుపు, పదకొండు ఎరుపు. పాతగా కనిపించాలని అరచేత్తో అద్దాను. దొంగ నోట్లని భూతద్దంతో పట్టుకుంటానని గొప్పలు చెప్పుకునే నేను, ఒక నిజమైన నోటు మీద దొంగ చుక్కలు పెట్టాను.

తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె గుడ్డ విప్పి చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను, నేను ఆ సమయంలో గుమ్మం వైపు చూస్తున్నాను. తర్వాత దాన్ని గంగమ్మ పటానికి ఆనించి, "కూకో బావూ, టీ తాగెల్దువు గాని" అంది. తాగాను. టీలో అల్లం వేసింది. గండం గడిచిందనుకుంటూ వచ్చేశాను.

ఆ ఏడు మే మొదట్లో అటు సముద్రంలో తుఫాను లేచింది. బోట్ల మీద ఉన్నవాళ్ల ఫోన్లు పలకడం మానేశాయి. మూడో రోజున ఆమె స్టేషన్‌కి వచ్చింది. బోటు యజమాని నంబరు కాగితం మీద ఉంది, అతనితో మాట్లాడాలంటే హిందీ కావాలి. నేను చేశాను. తమ బోట్లు కొన్ని ఇంకా ఒడ్డుకి చేరలేదని, తెలిస్తే చెబుతానని అతను అన్నాడు. ఆ మాటని కొంచెం మెత్తగా చేసి ఆమెకి చెప్పాను. ఆమె చీకటి పడేదాకా ఇంటికి వెళ్లలేదు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద కూర్చుంది. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది. నా భార్య సంగతి తెలిసి క్యారేజీలో అన్నం తెచ్చి, పక్కన కూర్చుని తినిపించింది.

నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎవరికో బరంపురం టికెట్ రాస్తున్నాను, ఎవరికో తిరుపతి. ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి ఇంట్లో దేవుడి మూల ఉన్నది నా అబద్ధం అన్న సంగతి నా ఒక్కడికే తెలుసనుకున్నాను. ఇప్పుడు చెబితే ఆమె తట్టుకోలేదు, చెప్పకపోవడమే దయ అని నాకు నేను చెప్పుకున్నాను. మూడు రోజులు ఆమె ఒక్కసారి కూడా నోటు మాట ఎత్తలేదు. అది కూడా నాకు అనుకూలంగానే అర్థం చేసుకున్నాను.

ఆరో రోజు యజమాని ఫోన్ చేశాడు. బోటు దారి తప్పి వేరే రేవుకి చేరిందట, అందరూ క్షేమమట. నేను కౌంటర్ వదిలి పరిగెత్తి చెప్పాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి, బస్సు ఎన్ని గంటలకని అడిగింది.

పది రోజుల తర్వాత తండేలూ అతని మనుషులూ దిగారు. పెదాలు పగిలి ఉన్నాయి, ఒకతని చేతికి కట్టు. తండేలు కిటికీ దగ్గరికి వచ్చి, ఈసారి ఏమీ తేలేకపోయానని నవ్వాడు. నా దగ్గరికి ఉత్త చేతులతో వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. వాళ్లు ఆటో ఎక్కుతుంటే నాకు తట్టింది. ఇంకో గంటలో ఆమె పళ్లెంలో ఎర్రనీళ్లు కలుపుతుంది. దిష్టి తీసి, వేలు ముంచి, నా దొంగ చుక్క పక్కన తన చుక్క పెడుతుంది. నేను ఇన్ని నెలలు దాచింది ఆమె వేలి కింద నిజమైపోతుంది. అది ఎందుకో చూడలేననిపించింది. పక్క కౌంటరు ఆయన్ని చూసుకోమని చెప్పి, ఇంటికెళ్లి పాడైన నోటు తీసుకుని, స్కూటర్ మీద వాళ్ల వెనకే వెళ్లాను.

నేను వెళ్లేసరికి తండేలు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో పళ్లెం. ఆయాసపడుతూనే, "అమ్మా, ఆ నోటు నీది కాదు" అన్నాను. ఆమె నా వైపు చూసింది కానీ చెయ్యి ఆపలేదు. "ముందు ఆయన్ని లోనికి రానీ బావూ" అని, మూడుసార్లు తిప్పి, ఎర్రనీళ్లు దారిలో పారబోసి వచ్చి, ఖాళీ పళ్లెం గోడకి ఆనించింది. అప్పుడు గుమ్మంలో కూర్చుని, "ఇప్పుడు సెప్పు" అంది.

అంతా చెప్పాను. జనవరిలో నవ్వుతూ అన్న మాట దగ్గర్నుంచి అగ్గిపుల్ల దాకా. తండేలుకి ఏమీ అర్థం కాక, తువ్వాలు భుజాన వేసుకుని, ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు.

"నాకు ఆ రోజే తెల్సు" అంది ఆమె. "పసుపువి పదకొండుంటాయి నావి. నువ్వు పన్నెండెట్టినావు. అన్నీ ఒక్కలగే ఉన్నాయి, గుండ్రంగా. మద్దిలో ఒకటి నా పిల్ల పెట్టింది, మూడేళ్లప్పుడు, నా సంకలో కూకోని. సిన్న సుక్క. అదేది బావూ?"



"మరి ఎందుకు అడగలేదమ్మా" అన్నాను.

"ఆయన నీళ్ల మీదున్నప్పుడు అది పోనాదని నోటంట అనొచ్చా? అననేదు. గాలి లెగిసినప్పుడు కూడా అననేదు. ఎవుల్తోటీ."

ఆ బెంచీ మీద ఆమె మూడు రోజులు ఏం మోసిందో అప్పుడు తెలిసింది. నా నిశ్శబ్దం దయ అనుకున్నాను. నేను ఆ కిటికీలోంచి బయటికి వచ్చి, తప్పు చేశాను అని ఒక్క మాట అంటే, ఆ భయాన్ని ఆమె నా మీద కోపంగా మార్చుకుని కాస్త తేలికపడేది. తిట్టుకోవడానికి ఆమెకి నేనైనా దొరికేవాణ్ణి. ఆ పాటి సాయం కూడా చేయలేదు.

పాత నోటు అడిగింది. ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని, ముందు ఈ మూల, తర్వాత ఆ మూల వేలితో తడిమింది. "అన్నీ ఎల్లిపోడాలే" అంది మెల్లగా. "ఒక్క రావడం కూడా నేదు."

తండేలు అప్పుడు నోరు విప్పాడు. అసలు ఏ నోటు, ఏ చుక్కలు అని. పదకొండేళ్లలో అతను ఆ మూల వైపు ఎప్పుడూ చూడలేదట. పసుపు చుక్క పెట్టే వేళకి బండిలో ఉండేవాడు, ఎర్ర చుక్క పెట్టే వేళకి నూతి దగ్గర స్నానం చేస్తూ ఉండేవాడు. ఆమె ముక్తసరిగా చెప్పింది. అతను విని, నవ్వబోయి, నవ్వు సగంలో పాడైపోయి, "నాను అక్కడ సలికి సస్తంటే నువ్విక్కడ కాయితానికి బొట్లెడతన్నావేటే" అన్నాడు.

"నీకెడితే ఆగుతావేటి? అది ఆగుతాది. ఎక్కడెట్టినది అక్కడుంటాది."

అతను వచ్చి ఆమె పక్కన గుమ్మంలో కూర్చున్నాడు. ఇద్దరూ ఆ నోటు పట్టుకుని చూశారు. కాసేపటికి అతను, వచ్చీసినాను కదా, ఇంక దానితో పనేముంది, బావుని తిట్టకు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అలా అంటే మీ ఇద్దరికీ బాగుంటుంది గానీ నాకు కాదు అని తన మాటల్లో చెప్పింది. నాకు ఆ మాట న్యాయంగా అనిపించింది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె సరే అనాల్సి వచ్చేది. టికెట్ల కిటికీ ఇంకా మా మధ్య ఉంది.

నేను పెట్టిన చుక్కల నోటు లోపల్నుంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది నీదే" అంది. పాత నోటు మాత్రం ఇవ్వలేదు. తర్వాత, "నువ్వు రాయగలవు గదా. రాయి" అంది.

ఏం రాయాలో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ చుక్కలు చూస్తే ఆమెకి ఏ ఏడు ఏది జరిగిందో గుర్తొచ్చేది. ఇప్పుడు చూస్తే ఏమీ రావడం లేదు. గుర్తున్నంతవరకు, మర్చిపోక ముందే కాగితం మీద పెట్టమంటోంది. స్కూటర్ డిక్కీలో రిజర్వేషన్ ఫారాల కట్ట ఒకటి ఉంది. ఒక ఫారం తిప్పి, వెనక తెల్ల వైపున ఒకటి నుంచి పదకొండు వరకు గీతలు గీశాను. ఆమె చెప్పింది, నేను రాశాను.

మొదటి ఏడు, రెండు నెలల కడుపుతో ఉండగా వెళ్లాడు. రెండో ఏడు, తుఫానుకి కప్పు ఎగిరిపోయింది, అతను వచ్చేదాకా భావనపాడులో పుట్టింట్లో ఉంది. మూడో ఏడు, శ్రీముఖలింగం మొక్కు తీర్చుకుని వెళ్లాడు. నాలుగో ఏడు, పిల్ల చుక్క. ఐదో ఏడు దగ్గర ఆగింది. ఆరో ఏడు తండేలు తల్లి పోయింది, అతను రాలేకపోయాడు, తొమ్మిది నెలల తర్వాత వచ్చి గుమ్మంలోనే ఏడ్చాడు. తండేలు అప్పుడు తల దించుకున్నాడు. ఏడో ఏడు అవతలి దేశం బోటు తరిమింది. ఆ సంగతి ఆమెకి అతను ఎప్పుడూ చెప్పలేదట, తోటివాడి భార్య చెప్పింది. అతను ఉలిక్కిపడి, ఎవత్తె సెప్పింది అన్నాడు. ఎవత్తైతే నీకేటి, నువ్వు సెప్పనేదు గదా అంది. ఎనిమిదో ఏడు వెళ్లే ముందు ఇద్దరూ దెబ్బలాడుకున్నారు, ఆమె పసుపు చుక్క మర్నాడు పెట్టింది. ఆ ఒక్క రాత్రీ నిద్ర పోలేదట. అలా పదకొండో దాకా వచ్చాం. పదకొండో దాని ఎదురుగా ఏం రాయమంటావని అడిగితే, "నువ్వు కడిగీసిన ఏడు" అంది. అదే రాశాను.

మళ్లీ ఐదో దాని దగ్గరికి వెళ్లాం. తండేలు ఏదో గుర్తుచేశాడు, అది ఆరోది అని ఆమె అంది. పిల్లకి జ్వరం వచ్చిన ఏడు అన్నాడు, అది కాదంది. ఇద్దరూ చాలాసేపు వెతుక్కున్నారు. ఆమె నోటు వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇక్కడ, తెరసాప మీద ఉండీది. కొంచెం పక్కకి జారినట్టుండీది. దాన్ని సూస్తే గుర్తొచ్చీది" అని, చేతులు దించేసింది. ఏదో ఒకటి రాసేస్తానన్నాను. వద్దంది. తప్పు రాస్తే నిజమైపోతుందట.

చివరికి చదివి వినిపించమంది. వాళ్లిద్దరికీ చదువు రాదు, కూతురు వేసవి సెలవలకి భావనపాడు వెళ్లింది. నిలబడి చదివాను. మొదటిది, రెండోది, మూడోది, నాలుగోది. ఐదోది దాటేసి ఆరుకి వెళ్లబోయాను.

"ఆగు" అంది ఆమె. "దాటీకు. ఐదో ఏడు అను."

"ఐదో ఏడు" అన్నాను.

గీత ఎదురుగా ఏమీ లేదు. ముగ్గురం ఆ ఖాళీ ఉన్నంతసేపు ఊరుకున్నాం. తర్వాత ఆమె తల ఊపింది, నేను ఆరో ఏడు చదివాను.